మందుల పంచాంగం

తెలుగువారి ఇండ్లలో గోడకు వ్రేలాడే క్యాలెండరుకు గల గౌరవం బీరువాలోని గ్రంథాలకు లేదు. తిథి, వారం, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం, ఏకాదశి, సంకష్టహర చతుర్థి అన్నీ అందులోనే కనిపిస్తాయి. పాలవాడు రాని దినం, గ్యాసు బండ దిగిన దినం, పనిమనిషికి జీతం ముట్టిన దినం ఆ గళ్లలోనే పెన్సిలు గుర్తులై నిలుస్తాయి. డెబ్బది ఏండ్లు దాటిన గృహిణి ఈ లెక్కలలో తప్పడం అరుదు. ఏ మాసంలో ఏ నోమో, ఏ పక్షంలో ఎవరి తద్దినమో ఇంటిల్లిపాదీ ఆమెనడిగియే తెలుసుకొంటారు. ఆమెయే ఒకనాటి ఉదయం కాఫీ గ్లాసు చేత పట్టుకొని, 'బి.పి. గోళీ వేసుకొన్నానా, లేదా?' అని సంశయిస్తుంది. ఇంటివారు వెంటనే మతిమరుపు అని తీర్పు చెప్పివేస్తారు. ఆ తీర్పు న్యాయమైనదేనా అన్నది ఆలోచింపదగిన విషయం.

తిథుల వృద్ధిక్షయాలను సైతం గుర్తుంచుకొనగల బుద్ధి నాలుగు గోళీల దగ్గర తడబడడానికి కారణం ఏదో ఉండాలి. వయోభారం కొంత కారణమే. కాదనడానికి వీలు లేదు. కాని అంతకంటె పెద్ద కారణం మరొకటి ఉన్నది. పంచాంగం ఆమె భాషలో ఉన్నది. ఆమె కంటికి ఆనే అక్షరాలలో, ఆమె చూపు పడే గోడమీద ఉన్నది. మందుల సంగతి ఆమెకు రాని భాషలో, ఎవరూ చదువలేని వ్రాతలో, ఏ సొరుగు అడుగుననో ఉన్నది. వృద్ధులు మందులు మరచిపోతున్నారనడం కంటె, వారికి మందుల సంగతి ఎవరూ సరిగా చెప్పలేదనడం సత్యానికి దగ్గర.

హైదరాబాదు నగరానికి తూర్పున, విజయవాడ రహదారిమీద, దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ నడుమ ఉన్న చైతన్యపురిని ఇందుకు ఉదాహరణగా తీసుకొనవచ్చును. నల్గొండ, ఖమ్మం ప్రాంతాలనుండీ, కృష్ణ దాటి కోస్తా జిల్లాలనుండీ ఉద్యోగాలకై వచ్చి ఇల్లు కట్టుకొని నిలిచినవారు ఇక్కడ ఎందరో ఉన్నారు. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు వచ్చిన పిదప రహదారి రూపు మారినది గాని, లోపలి వీధుల జీవనం అంతగా మారలేదు. ఆ వీధులలో రెండు తరాలు పక్కపక్కనే నివసిస్తున్నాయి. పోటీ పరీక్షల శిక్షణకై ఊళ్లనుండి వచ్చి వసతిగృహాలలో ఉండే యువతరం ఒకటి. ఉద్యోగ విరమణ చేసి, పిల్లలను మాదాపూరుకో, గచ్చిబౌలికో, సముద్రాల ఆవలికో పంపి, దంపతులు ఇద్దరే మిగిలిన వృద్ధతరం మరొకటి. మందుల దుకాణానికి దూరమైన ఇల్లు ఆ ప్రాంతంలో అరుదు. కనుక మందు దొరకడం అక్కడ పెద్ద సమస్య కాదు. దొరికిన మందు సరియైన వేళకు, సరియైన మోతాదులో నోటికి చేరడమే సమస్య.

ఇది ఒక్క చైతన్యపురికే పరిమితమైన సంగతి కాదు. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరువది ఏండ్లు నిండినవారి సంఖ్య పది కోట్లు దాటినది. 2017-18లో దేశవ్యాప్తంగా జరిగిన వార్ధక్య పరిశీలన ప్రకారం వృద్ధులలో నూటికి 75 మందికి ఏదో ఒక దీర్ఘవ్యాధి ఉన్నది. ఆయుర్దాయం పెరగడం సంతోషించదగినదే. అయితే పెరిగిన ఆ ఏండ్లను నిలబెడుతున్నవి చాలవరకు ఈ గోళీలే గనుక, వాటిని వేసుకొనే విధానం కూడ జీవనవిద్యలో భాగమైనది. ఆ విద్యను మాత్రం ఏ పాఠశాలా చెప్పడం లేదు.

ఆ విద్య ఎంత క్లిష్టమైనదో ఒక దినచర్యను పరిశీలిస్తే బోధపడుతుంది. రక్తపోటు, చక్కెర వ్యాధి, థైరాయిడ్ లోపం, ఎముకల బలహీనత గల ఒక వృద్ధురాలిని ఊహించుకొనవచ్చును. ఇట్టివారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీటితో వేసుకోవాలి. ఆ పిదప కనీసం అరగంట వరకు కాఫీ అయినా ముట్టరాదు. కాల్షియం గోళీకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకున్నచో మొదటిది ఒంటబట్టదు. కడుపు మంటకిచ్చే పాంటోప్రజోల్ ఫలహారానికి ముందు. గ్లిమెపిరైడ్ కూడ భోజనానికి ముందే, కాని వేసుకొన్న తరువాత తినడం మానరాదు. మెట్‌ఫార్మిన్ తిండితోపాటు. నీరు లాగే మందు ఉదయమే వేసుకోవాలి. రాత్రి వేసుకొంటే నిద్ర పోతుంది, చీకటిలో లేచి తూలి పడే ప్రమాదమూ ఉంటుంది. ఎముకలకిచ్చే అలెండ్రొనేట్ వారానికి ఒక్కసారే. అదీ పరగడుపున, నిండు గ్లాసు నీటితో. ఆ వెనుక అరగంట సేపు నడుము వాల్చకూడదు. ఒక్క పరగడుపుకు ఇన్ని మందులు పోటీపడితే, ఏది ముందో ఏది వెనుకో నిర్ణయించడం వైద్యశాస్త్రం చదివినవారికే ఆలోచింపదగిన పని. దానిని ఒక వృద్ధురాలి జ్ఞాపకానికి వదలి, ఆమె తప్పితే ఆమెనే నిందించడం సంసార ధర్మం కాదు.

తప్పితే వచ్చే నష్టం అన్నింటా ఒక్కరీతిగా ఉండదు. కొన్ని మందులు ఒక పూట తప్పినా పెద్ద ప్రమాదం లేదు. కొన్నింటిని హఠాత్తుగా మానితే గుండెకే ముప్పు. మరికొన్నింటిలో మానడం కంటె ఎక్కువ వేసుకోవడం ఘోరం. కీళ్లవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ ఇందుకు గొప్ప ఉదాహరణ. అది వారానికి ఒక్కనాడు వేసుకోవలసిన మందు. తక్కిన గోళీల వరుసలో చేరి రోజూ నోటికి వెళ్లితే, మూలుగలో రక్తకణాల ఉత్పత్తి అణగిపోయి ప్రాణాపాయం కలుగుతుంది; అట్టి మరణాలు పలు దేశాలలో నమోదైనవి. ఇక్కడ తెలుగువారు గమనింపదగిన సంగతి ఒకటి ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, అక్కడి బృందం సృష్టించిన ఔషధమే అది. ఒక తెలుగువాని నేతృత్వాన వెలువడిన మందు, 'వారానికి ఒక్కసారి మాత్రమే' అన్న మూడు తెలుగు మాటలు లేని పొట్లంలో తెలుగు ముసలమ్మ చేతికి చేరుతున్నది.

సుబ్బారావుతోనే ఆ బంధం ఆగలేదు. దేశంలో ఔషధాల తయారీకి హైదరాబాదు ప్రధాన కేంద్రం. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ బాలానగర్ ప్రాంతంలో కర్మాగారం నెలకొల్పినది. అందులో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. ఈ నగరంలో తయారైన గోళీలు ఖండాంతరాలకు పోతున్నాయి. పరదేశాలకు పోయే మందుమీద ఆ దేశపు భాష అచ్చవుతుంది. ఆ దేశాల చట్టాలు అట్లా శాసిస్తాయి. స్వస్థలంలో అమ్మే గోళీల అట్టమీద మాత్రం ఆంగ్లం ఉంటుంది, ఒక్కొక్కప్పుడు హిందీ ఉంటుంది, తెలుగు అక్షరం వెదకినా కనిపించదు. 2023 ఆగస్టు నుండి ప్రముఖమైన 300 మందులమీద క్యూ.ఆర్. కోడ్ ముద్రించాలన్న నిబంధన వచ్చినది. నకిలీ మందులను పట్టుకొనడానికి అది ఉపకరిస్తుంది. అయితే కండ్లజోడు పెట్టుకొన్నా అట్టమీది సన్నని అక్షరం ఆనని వృద్ధునికి ఆ నల్లని చుక్కల చదరం మరొక చిక్కుముడి మాత్రమే.

చీటీల పరిస్థితిని చక్కదిద్దడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. వైద్యుల చేతివ్రాత అందరికీ అర్థమయ్యేటట్లు ఉండాలని కోరుతూ నల్గొండకు చెందిన ఫార్మసిస్టు చిలుకూరి పరమాత్మ ఉమ్మడి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. చైతన్యపురి మీదుగా పోయే దారిలోనే ఉన్న పట్టణంలో, మందుల దుకాణపు బల్ల వెనుక పుట్టిన ఆలోచన అది. 2016లో భారత వైద్య మండలి తన నియమావళిని సవరించి, మందులను అసలు పేర్లతో, స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలలో వ్రాయాలని ఆదేశించినది. అంతకుముందే 2015లో వెలువడిన ఫార్మసీ నిబంధనలు, మందు ఇచ్చేటప్పుడు రోగికి వివరించి చెప్పడం ఫార్మసిస్టు విధి అని పేర్కొన్నాయి. నియమాలు మంచివే. కాని సాయంకాలం రద్దీలో దుకాణం ముందు పదిమంది నిలుచుండగా, అట్టమీద కలంతో రెండు గీతలు గీసి 'పొద్దున ఒకటి, రాత్రి ఒకటి' అని చెప్పి పంపడమే చాలచోట్ల నడుస్తున్న వివరణ. ఆ గీతలు కూడ గోళీలు తీసేకొద్దీ నలిగి చెరిగిపోతాయి.

అసలు పేరు తెలియకపోవడం వలన కలిగే చిక్కు మరొకటి. డోలో, క్రోసిన్, కాల్పాల్ అనేవి మూడు పేర్లే గాని మూడింటిలోని మందు పారాసెటమాల్ ఒక్కటే. మోకాలి వైద్యుడు ఒక పేరుతో, జ్వరానికి చూసిన వైద్యుడు మరొక పేరుతో వ్రాస్తే, రెండూ వేసుకొనే వృద్ధునికి తాను ఒకే మందును రెట్టింపు చేసుకొంటున్నానని తెలియదు. మితిమీరితే కాలేయం చెడుతుంది. గుండెకు ఒకరు, చక్కెరకు ఒకరు, కండ్లకు ఒకరు, కీళ్లకు ఒకరుగా వైద్యులు విడిపోయిన ఈ కాలంలో, ఒకరు ఇచ్చినది మరొకరికి తెలిసే మార్గం రోగి చేతిలోని కాగితం ఒక్కటే. ఆ కాగితం ఐదు ఆసుపత్రుల ఐదు సంచులలో చెదరి ఉంటుంది.

వృద్ధులకు క్రమశిక్షణ లేదనేవారు ఒక ప్రయోగ ఫలితాన్ని చూడాలి. గుండెజబ్బుకు వాడే నాలుగు మందులను ఒకే గోళీగా కూర్చి, భారతదేశంలోనూ ఐరోపాలోనూ సుమారు 2,000 మందిమీద జరిపిన పరిశీలన 2013లో వెలువడినది. విడివిడిగా మందులు వాడినవారిలో నూటికి 65 మంది క్రమం తప్పకుండ ఉంటే, ఒకే గోళీ పొందినవారిలో 86 మంది ఉన్నారు. మనుషులు ఒక్కరీతివారే, మారినది ఏర్పాటు మాత్రమే. సంపన్న దేశాలలో సైతం దీర్ఘవ్యాధుల మందులను క్రమంగా వాడేవారు సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే ప్రకటించినది. కాబట్టి ఈ లోపం ఒక దేశానిదీ కాదు, ఒక వయసుదీ కాదు. పని కష్టమైనచోట మనిషి తప్పుతాడు, సులభమైనచోట నిలబడతాడు.

మరచిపోవడం వేరు, మానివేయడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం వలన చాల అనర్థం జరుగుతున్నది. నెలాఖరున డబ్బు చాలక రోజు విడిచి రోజు వేసుకొనేవారు ఉన్నారు. పిల్లలకు ఖర్చు చెప్పలేక అట్ట అయిపోలేదని బొంకే తండ్రులు ఉన్నారు. పరీక్షలో రక్తపోటు సరిగా ఉన్నదని తేలగానే ఇక గోళీ ఎందుకని ఆపేవారు ఉన్నారు. అది సరిగా ఉన్నది గోళీ వలననే అన్న మాట వారికి ఎవరూ చెప్పలేదు. కార్తిక సోమవారాలలోనో, రంజాన్ మాసంలోనో ఉపవాసముండి, చక్కెర తగ్గించే మందు మాత్రం నియమంగా వేసుకొని కండ్లు తిరిగి పడిపోయేవారు ఉన్నారు. వీరికి గుర్తుచేయడం వలన ప్రయోజనం లేదు, వీరితో మాట్లాడాలి. ధర విషయంలో 2008లో మొదలైన జన ఔషధి దుకాణాలు, 2018 నుండి హైదరాబాదులో నడుస్తున్న బస్తీ దవాఖానాలు కొంత ఊరట. ఉపవాసం విషయంలో ముందుగా వైద్యుని అడిగితే, మోతాదునో వేళనో మార్చి దారి చూపుతాడు. అడుగవచ్చునన్న ధైర్యం కలిగించడమే ఇంటివారి పని.

ఈ మాటలన్నీ చెప్పడానికి తెలుగులో పదాలకు కొరత లేదు. పరగడుపు అన్న ఒక్క మాటలోనే ఆ అర్థమంతా ఇమిడి ఉన్నది. మందును దేనితో సేవించాలో చెప్పే అనుపానం, ఏది తినవచ్చునో ఏది కూడదో చెప్పే పథ్యం, పూట, మోతాదు—ఇవి తాతముత్తాతలనాటి మాటలు. చదువురాని అవ్వకు కూడ ఇవి తెలుసు. ఇంత సిద్ధమైన పరిభాష ఉండగా, దానిని చీటీమీదికి ఎక్కించకపోవడం ఆశ్చర్యం.

అందుచేత ప్రతి వృద్ధుని ఇంటిలోనూ గోడ పంచాంగం పక్కనే మరొక పంచాంగం ఉండాలి. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అని దానికి ఐదు అంగాలు ఉన్నట్లే, దీనికీ ఐదు చాలును: పేరు, ప్రయోజనం, మోతాదు, వేళ, నియమం. పేరు అంటే అట్టమీది వ్యాపారనామంతోపాటు అసలు పేరు, రెండూ తెలుగు లిపిలో. ప్రయోజనం అంటే అది ఏ జబ్బుకు అన్నది. ఎందుకో తెలిసిన మందును మనిషి ఊరక మానడు. తక్కిన మూడూ పెద్ద అక్షరాలలో, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న వరుసలలో. వారానికొకసారి వేసే మందును వేరుగా, ఎర్ర సిరాతో, ఆ వారం పేరుతో వ్రాయాలి. అడుగున పడని మందుల పేర్లు, వైద్యుని ఫోను నంబరు. పైన తేదీ తప్పనిసరి. పోయిన ఏటి పంచాంగంతో ఈ ఏటి పండుగలను ఎవరూ లెక్కించరు. వైద్యుడు మందు మార్చిన నాడే పాత కాగితం చింపి కొత్తది వ్రాయాలి. వైద్యుని దగ్గరకు పోయిన ప్రతిసారీ ఈ కాగితాన్నీ, ఇంట్లో ఉన్న మందులన్నింటినీ ఒకే సంచిలో తీసుకొని పోవాలి. ఆయుర్వేద, హోమియో మందులనూ దాచరాదు. 'వీటిలో ఇక అవసరం లేనిది ఉన్నదా?' అని అడగడం రోగి హక్కు. మందులు తగ్గించడం కూడ వైద్యమే.

ఫోను గంట మ్రోగించి గుర్తుచేసే సాధనాలు ఉండగా ఈ కాగితమెందుకని కొందరు అడుగవచ్చును. గంట వేళను చెబుతుంది; మందును గురించి చెప్పదు. వారంలోని ఏడు దినాలకు గళ్లు ఉండే మందుల పెట్టె మేలైనదే. వేసుకొన్నదీ లేనిదీ ఖాళీ గడి చెబుతుంది గనుక కాఫీ గ్లాసు దగ్గరి సంశయం తీరుతుంది. కాని ఆ పెట్టెను ఒకసారి తప్పుగా నింపితే ఏడు దినాలూ తప్పే. సరిగా నింపడానికైనా ముందు ఆ కాగితమే కావాలి. పొరపాటున ఒక పూట తప్పినప్పుడు తరువాతి పూట రెండు కలిపి మింగడం వృద్ధులలో తరచుగా కనిపించే ఆత్రం. తప్పిన పూట ఏమి చేయాలో ముందే వైద్యుని అడిగి, నియమం గడిలో వ్రాసి ఉంచితే ఆ ప్రమాదం తొలగుతుంది.

ఈ కాగితాన్ని ఎవరు వ్రాయాలి అన్న ప్రశ్నకు ఉపాధ్యాయులూ విద్యార్థులూ సమాధానం చెప్పగలరు. ఎనిమిదవ తరగతి విద్యార్థికి ఆంగ్ల అక్షరాలు వచ్చును, తెలుగు లిపి వచ్చును, పట్టిక గీయడం వచ్చును. లేఖారచన, పట్టికల పఠనం పాఠ్యాంశాలుగా ఉన్న తరగతిలో, తాతగారి మందుల పంచాంగం వ్రాసుకొని రావడం కంటె సార్థకమైన ఇంటిపని ఏమి ఉంటుంది? హద్దు ఒకటి ఉన్నది. దానిని ఉపాధ్యాయుడు గట్టిగా చెప్పాలి. పిల్లవాడు చీటీని చూసి ఎత్తి వ్రాస్తాడు గాని, ఒక్క అంకె కూడ ఊహించి వ్రాయరాదు. చదువలేనిచోట ఖాళీ వదలాలి. వ్రాసిన దానిని వైద్యుడో ఫార్మసిస్టో సరిచూచిన తరువాతనే గోడకెక్కించాలి. ఇంటి సంగతి తరగతిలో అందరి ముందు చదివించరాదు. ఎవరి జబ్బు వారి సొంతం. చైతన్యపురి వంటి చోట వసతిగృహాలలోని యువకులు, పక్కింటి ఒంటరి దంపతులకు వారు కోరితే ఈ సాయం చేయవచ్చును. ఒకే వీధిలో ఉండి పలుకరింపు లేని రెండు తరాల మధ్య ఇది మంచి పరిచయం కూడ.

చివరకు చెప్పవలసినది గౌరవాన్ని గురించి. గోళీ చేతిలో పెట్టి, మింగేదాక నిలబడి చూసే కొడుకు ప్రేమతోనే ఆ పని చేస్తాడు. కాని జీవితమంతా ఇంటిని నడిపిన తల్లికి అది తన పెత్తనం చేజారినట్లు తోస్తుంది. ఆమె తిరస్కరించేది చాలసార్లు మందును కాదు, ఆ కాపలాను. తెలివి నిలిచి ఉన్నంతకాలం మందుల లెక్క ఆమెదిగానే ఉండాలి. చదువదగిన కాగితం ఆమెకు ఇచ్చి, వారానికొకసారి ఆమెతో కూర్చుండి పెట్టె నింపితే చాలును. తెలివి సన్నగిల్లిన నాడు ఒక మనిషి, ఒకే మనిషి, ఆ బాధ్యత పూర్తిగా వహించాలి. అందరూ చూసుకొంటారన్న ఇంట్లో ఎవరూ చూసుకోరు.

మందు అట్టలమీద తెలుగు అచ్చు వేయించవలసినది ప్రభుత్వం. అందుకై అడుగుతూనే ఉండాలి. ఆ రోజు వచ్చేవరకు ఒక తెల్లకాగితానికీ, ఒక గంట తీరికకూ ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం ఏ పిల్లవాడైనా అమ్మమ్మ మందుల సంచి నేలమీద పరచి, ఆమె పక్కన కూర్చుండి, 'ఇది దేనికమ్మమ్మా?' అని మొదటి అట్ట ఎత్తి చూపవచ్చును. ఆమెకు తెలియదని తేలిన ప్రతి మందూ ఆ కాగితంలో ఒక వరుస అవుతుంది.